జమ్ము ఎలుకల మ్యాపు

జమ్ము ఎలుక అంటే మా కృష్ణా జిల్లా కాలవగట్ల మీద జమ్ముగడ్డిలో గూడు కట్టుకుని, నీళ్ళలో ఈదుతూ బతికే జీవి. నాలాంటి పనిలేనివాళ్ళకు తప్ప ఎవరి కంటా పడదు. తొంభైతొమ్మిదిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గుడివాడ నుంచి దివిసీమ దాకా ఊరూరా వెతికితే మూడంటే మూడుచోట్ల దొరికింది: నాగాయలంక, కోడూరు, పమిడిముక్కల. ఆ వేసవిలో కాలవలకు నీళ్ళు కట్టేశాక పూడిక తీస్తూ జమ్మంతా పీకేస్తారట. ఆ మూడుచోట్లా వదిలిపెట్టమని కాలవల ఇంజినీరు వెంకటాద్రి గారిని ఒప్పించాలి. ఆయన బందరులో మా కాలేజీ ఎగ్జిబిషన్ చూడ్డానికి వస్తున్నారు. నాకున్న అవకాశం అదొక్కటే.

మా నాన్న పాండురంగయ్య పెడనలో కలంకారీ అద్దకం పనివాడు. కాగితం మీద మ్యాపు ఎవరు చూస్తారు, గుడ్డ మీద అద్దిపెడతానన్నాడు. ఎలుక బొమ్మకు అచ్చు కూడా చెక్కించాడు. మూడుచోట్లా గుర్తులు పెట్టిచ్చి నేను పరీక్షలకు వెళ్ళాను.

తిరిగొచ్చి చూస్తే దండెం మీద జిల్లా అంతా ఎలుకలే. గుడివాడ నిండా, పెదపారుపూడి నిండా, బందరు దాకా నల్లగీతల ఎలుకలు బారులు తీరి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. అరుదైన జీవి అని నేను నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, ఈ మహానుభావుడు దానిచేత ఊరూరా కాపురం పెట్టించాడు.

నాన్న బిక్కమొహం వేశాడు. "అంత ఖాళీ వదిలితే పని సగంలో ఆపేశానంటారమ్మా. షావుకారైతే గుడ్డ మొహాన కొడతాడు. నీకు మాట రాకూడదనే నింపాను."

కొత్త గుడ్డకు కరక్కాయ పట్టించి, ఆరబెట్టి మళ్ళీ అద్దే వ్యవధి లేదు. అదృష్టం కొద్దీ ఇంకా గీతలే పడ్డాయి, లోపలి ఎరుపు కోసం పటిక అద్దలేదు. పటిక పడినచోటే ఎరుపు అంటుకుంటుంది కాబట్టి ఆ మూడింటికే అద్దమన్నాను. రంగులో ఉడికించి తీస్తే మూడు ఎలుకలు ఎర్రగా తేలాయి, మిగతావి ఉత్త గీతలుగానే ఉండిపోయాయి. అయినా బస్సులో బందరు దాకా నాన్నతో ముభావంగానే ఉన్నాను.

వెంకటాద్రి గారు చేతులు వెనక్కి కట్టుకుని బల్లలన్నీ చకచకా దాటేసి, మా గుడ్డ దగ్గర ఆగారు. ఈ ఎర్రవేమిటి, ఈ ఖాళీవేమిటి అని అడిగారు. ఎర్రవి ఎలుక ఉన్నచోట్లు, ఖాళీవి వెతికినా దొరకని చోట్లు అన్నాను. నాన్న నింపిన ఊళ్ళన్నీ నేను తిరిగినవే కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు. ఆయన వేలు ఒక్కో ఊరే దాటుకుంటూ వెళ్ళి పెదపారుపూడి మీద ఆగింది.

"మా ఊళ్ళో కూడా లేదా?"

"లేదండీ. కాలవగట్లన్నీ చూశాను."

"చిన్నప్పుడు రేవులో మాతోపాటు ఈదేవమ్మా ఇవి," అన్నారాయన, వేలు ఆ ఊరి మీంచి తియ్యకుండానే. ఆ మూడుచోట్లా జమ్ము ముట్టుకోవద్దని వెంట వచ్చిన వాళ్ళకు అప్పుడే చెప్పేశారు. తమ ఊళ్ళో ఎప్పుడైనా ఒక్కటి కనబడితే కబురు చెయ్యమని నాతో అని, ఆయన కదలబోయారు.

అప్పటిదాకా నా వెనక నక్కి ఉన్న నాన్న ముందుకొచ్చాడు.

"కనబడిన రోజున ఈ గుడ్డ పట్టుకెళ్ళి, మీ ఊరి ఎలుక్కి నేనే ఎరుపు వేస్తానండీ."