కరెంటు కుర్చీలో దాహం

నేను ఒక కుర్చీని. గట్టి ఓక్ చెక్కతో చేశారు. చేతులున్నాయి, వీపు ఆనుకునే పలక కూడా ఉంది. అయినా ఇంతవరకు ఎవరూ ముచ్చటపడి నాలో కూర్చోలేదు. నేను అమెరికాలో ఒక జైలుకు చెందిన కరెంటు కుర్చీని. మరణశిక్ష పడ్డవాళ్లను నాలో కూర్చోబెట్టి, తోలు పట్టీలతో బిగించి, కరెంటు పెట్టేవారు.

నా పుట్టుక వెనుక దయ ఉందట! ఉరితాడు మరీ మోటుగా ఉందని పెద్దలు నన్ను కనిపెట్టారు. అప్పట్లో చెరో రకం కరెంటు అమ్మే ఇద్దరు వ్యాపారుల మధ్య గట్టి పోటీ. మనిషిని చంపడానికి ఏ కరెంటు మంచిదని అడిగితే, ఒకాయన తడుముకోకుండా ఎదుటివాడి కరెంటు పేరు చెప్పాడు. దీపం ఆర్పినట్టు ప్రాణం పోతుందని పత్రికలు రాశాయి. రాసినవాళ్లెవరూ నాలో కూర్చోలేదు. కూర్చున్నవాళ్ల వేళ్లు ఎలా బిగుసుకునేవో నా చేతులకు తెలుసు.

ఒక మధ్యాహ్నం లెస్టర్ ప్రూయిట్‌ను తెచ్చారు. తాగిన మైకంలో స్నేహితుణ్ణి చంపినవాడు. ముఖానికి ముసుగు వేశారు. జైలు అధికారి హాడ్లీ చెయ్యి ఊపాడు. స్విచ్చి వేశారో లేదో, నాకు కరెంటు ఇచ్చే జనరేటర్ బెల్టు ఫట్‌మని తెగింది.

"అయిపోయిందా సార్? పోయానా నేను?" ముసుగులోంచి లెస్టర్ అడిగాడు.

"లేదయ్యా... బెల్టు తెగింది," అన్నాడు హాడ్లీ, తప్పంతా తనదే అన్నట్టు.

"అయితే కాసిని మంచినీళ్లు ఇప్పించండి. నోరు ఎండిపోతోంది."

హాడ్లీ స్వయంగా ముసుగు తీసి, ఛాతీ పట్టీ విప్పి, గ్లాసు నోటికి అందించాడు. లెస్టర్ ఆత్రంగా తాగుతుంటే సగం నీళ్లు నా మీదే ఒలికాయి. మెకానిక్ కొత్త బెల్టు వేసి, "రెడీ సార్" అన్నాడు. హాడ్లీ వినిపించుకోకుండా వెళ్లి గవర్నరుకు ఫోన్ చేశాడు.

"వాడికి నా చేత్తో నీళ్లు పట్టానండీ. మళ్లీ కట్టమంటే నావల్ల కాదు. మీరే వచ్చి కట్టండి."

గవర్నర్లకు సంతకం పెట్టే తీరిక ఉంటుంది గానీ, వచ్చి పట్టీలు బిగించే తీరిక ఎక్కడిది? ఆయన మరో సంతకంతో లెస్టర్ శిక్షను యావజ్జీవంగా మార్చేశాడు.

తర్వాత వచ్చినవాళ్లకు బెల్టు తెగలేదు. ఏళ్లు గడిచాక విషపు సూది వచ్చింది. అది నాకంటే దయగలదన్నారు. నన్ను మ్యూజియానికి పంపించేశారు. లారీ ఎక్కించడానికి వచ్చిన ఖైదీల్లో తల నెరిసిన లెస్టర్ కూడా ఉన్నాడు. "మెల్లగా, గోడకు తగులుతుంది" అంటూ ఒక పక్క పట్టుకుని మోశాడు. గుమ్మం దాటాక ఆయాసంతో ఆగాడు.

అతని సంగతి తెలియని కొత్త గార్డు, "ఏం పెద్దాయనా, కాసేపు కూర్చుంటావా?" అని వేళాకోళం ఆడాడు.

లెస్టర్ నవ్వాడు. "ఒకసారి కూర్చున్నాను బాబూ. చాలు."

గార్డు నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. లెస్టర్ మాత్రం నా చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా లారీలోకి ఎత్తాడు.