కుడిచేతిలోకి వచ్చిన తెడ్డు

అక్క రోజూ పొద్దున్నే తలుపు తీసి, చెక్కపొట్టు ఊడ్చి, ఉలులు నూరుకుని పనిలో కూర్చుంటుంది. చర్చిలకు పునీతుల బొమ్మలు చెక్కడం ఆమె పని. పునీతుల్ని మొహం చూసి ఎవరూ గుర్తుపట్టరు, చేతిలో ఉన్నది చూసి గుర్తుపడతారు. దేనితో హింసపెట్టి చంపారో దాన్నో, ఆ హింసలో పోగొట్టుకున్నదాన్నో పట్టుకుని నిలబడతారు వాళ్ళు. ఒకాయన రంపం, ఒకామె ముళ్ళచక్రం, ఇంకొకామె పళ్ళెంలో తన కళ్ళు. ఎడమచేతిలో ఖర్జూరపు మట్టను అక్కే చెక్కుతుంది. అది చావును గెలిచినందుకు గుర్తు, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షులందరికీ ఒకటే. కుడిచెయ్యి మాత్రం ఖాళీగా వదిలేస్తుంది. తెల్లారేసరికి అందులోకి రావలసింది వచ్చి ఉంటుంది, అదే చెక్కతో, అతుకన్నది లేకుండా.

అందుకే బతికున్నవాళ్ళ మొహం చెక్కకూడదు. నాన్న ఉన్న రోజుల్లో ఒక తాపీమేస్త్రి సరదాపడి తన మొహం చెక్కించుకుంటే, బొమ్మ చేతిలోకి నిచ్చెన వచ్చింది. ఆయన పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. వరండాలో ఆనించిన నిచ్చెన జారి మీద పడింది.

ఈసారి అక్క ఎవరినీ చూసి చెక్కలేదు. కానీ అమ్మ పోయాక అక్క చేతులు తల దువ్వింది, మొహం కడిగింది ఒక్క చెల్లెలికే. ఆ చేతులు తమకు తెలిసిన దారినే పోయాయి. తెల్లారి చూస్తే బొమ్మకు చెల్లెలి మొహం, కుడిచేతిలో పొడుగాటి తెడ్డు. రంగుల కార్ఖానాలో మరిగే తొట్టిలో చెల్లెలు గుడ్డ తిప్పేది అలాంటి తెడ్డుతోనే.

అక్క దాన్ని కోసి పారేసింది. చెయ్యి కడుక్కుని వచ్చేలోపు మళ్ళీ మొలిచింది.

అక్క మేకుకి అద్దం తగిలించి, ఉలి తీసుకుంది. చెక్కడమంటే తీసెయ్యడమే కదా. చెల్లెలివి నిండు బుగ్గలు, తనవి పీక్కుపోయినవి. చెక్క సరిపోయింది. మధ్యాహ్నానికి బొమ్మ మొహం పూర్తిగా తనదైంది.

తెడ్డు మాత్రం కదల్లేదు.

సాయంత్రం చెల్లెలు వచ్చేసరికి చర్చి ఫాదర్ పంపిన మనుషులు బొమ్మను తీసుకెళ్ళిపోయారు.

“ఎలా వచ్చిందే అక్కా?”

“ముసలిదానిలా వచ్చింది.”

“నీలా ఉందన్నమాట!” అని పకపకా నవ్వింది చెల్లెలు.

అక్క కూడా నవ్వింది. “రేపట్నుంచి నువ్విక్కడ కూర్చుని బొమ్మలకు రంగులెయ్యి. నీ బదులు నేను కార్ఖానాకి వెళ్తా.”

“పిచ్చా నీకు? ఆ ఆవిరికి ఒక్క పూట ఆగలేవు.”

“కళ్ళు ఆనట్లేదే. సన్నపని ఇంక నావల్ల కాదు.”

కళ్ళు బాగానే ఉన్నాయి. తను ఇంట్లో కూర్చుంటే తెడ్డు ఇంటికే వస్తుంది. ఇంట్లో చెల్లెలుంటుంది. ఆ మాట పైకి అనలేదు.

మర్నాడు అక్క తలకు గుడ్డ కట్టుకుని బయల్దేరింది. చెల్లెలు గుమ్మం దాకా వచ్చింది.

“తొట్టి చుట్టూ బల్లలు జారతాయి. చెప్పులేసుకుని ఎక్కకు.”

“సరేలేవే,” అని అక్క చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, వట్టికాళ్ళతో వీధిలోకి దిగింది.