తీసేసిన ఆరు పేజీలు

"ఇవాళ మీటింగులో నేను మాట్లాడతాను. నువ్వు పక్కన కూర్చుంటే చాలు," అన్నాడతను.

నేనప్పుడు అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు ముందు లోపలివైపు చెయ్యాలి, తర్వాత బయటివైపు. లేకపోతే అంచు దగ్గర ముడత పడుతుంది. ఆ ముడత మీదే ధ్యాస ఉండి ఆ మాటను ప్రేమగానే విన్నాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. పల్లెటూరి బళ్లో చదివేటప్పుడు కూడా జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. పలక మీద రాసి పక్కనున్న పిల్లకి చూపించేదాన్ని. ఆ పిల్ల లేచి చెప్పేది, టీచరు ఆ పిల్లనే మెచ్చుకునేది. పెళ్లయ్యాక నా పక్కనున్న ఆ చోటు ఇతనిదైంది. అంతే తేడా అనుకున్నాను. ఇది ఎనిమిది నెలల కిందటి మాట.

మేమిద్దరం ఒకే కంపెనీలో పని చేస్తాం. ఆసుపత్రులకీ మందుల షాపులకీ మందులు పంపే కంపెనీ. అతను మేనేజరు, నేను ప్రోగ్రాములు రాసేదాన్ని. అక్కడ నడుస్తున్న సాఫ్ట్‌వేరు పదకొండేళ్ల నాటిది. ఆర్డర్లు, నిల్వలు, బిల్లులు, అడ్రసులు, లారీల జాబితా అన్నీ కలిసిపోయి ఒకే ముద్ద. బిల్లులో ఒక గీత జరిపితే లారీల జాబితా తప్పు చూపించేది. ఆరేళ్లుగా దాని చిక్కులు విప్పుతున్నది నేనే కాబట్టి, ఎక్కడ ముట్టుకుంటే ఎక్కడ అరుస్తుందో నాకు తెలుసు.

అందుకే ఆ డాక్యుమెంటు రాశాను. రాయమని ఎవరూ అడగలేదు. మూడు వారాలపాటు వంటగది గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కుక్కరు కూతకీ కూతకీ మధ్య రాశాను. ఈ ముద్దని సర్వీసులుగా విడగొడదాం అన్నాను. అడ్రసులకి ఒకటి, నిల్వలకి ఒకటి, బిల్లులకి ఒకటి. ఒక్కో సర్వీసుకి ఒకే పని, ఒకే కిటికీ. కావలసినవాళ్లు ఆ కిటికీ దగ్గరికొచ్చి, ముందే ఒప్పుకున్న పద్ధతిలో అడిగి, జవాబు తీసుకుని పోతారు. లోపల ఎవరు ఎలా చేస్తున్నారన్నది వాళ్లకి అక్కర్లేదు. లాభాలు నాలుగు పేజీలు వచ్చాయి. ఒకదాన్ని బాగుచేస్తుంటే మిగతావి ఆగవు. రేపు ఫోన్లో ఆర్డర్లు తీసుకోవాలన్నా అడ్రసుల పని మళ్లీ మొదట్నుంచి రాయక్కర్లేదు, ఉన్న సర్వీసునే అడగొచ్చు. కొత్తగా చేరినవాళ్లు పదకొండేళ్ల చరిత్ర బట్టీ పట్టనక్కర్లేదు, తమ కిటికీ వెనక ఉన్నది నేర్చుకుంటే చాలు.

ప్రమాదాలు ఆరు పేజీలు. నిజం చెప్పాలంటే నాకు ఆ ఆరు పేజీలంటేనే ఇష్టం. ఇంతకాలం ఒకే గదిలో ఉండి పిలిస్తే పలికినవి ఇప్పుడు తలో చోటా ఉండి ఫోన్లు చేసుకోవాలి. లైను నెమ్మదిస్తే? అవతల ఎత్తకపోతే? ఏదైనా ఆగితే తప్పు ఎక్కడుందో వెతకడానికే సగం రోజు పోతుంది, ప్రతి టీమూ మాది కాదనే అంటుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, అందరూ అడిగే సర్వీసు ఒకటి తయారవుతుంది. మా దగ్గర అది అడ్రసులది. దాని గురించే రెండు పేజీలు రాశాను. "రెండు సెకన్లలో జవాబు రాకపోతే అడగడం ఆపండి. మీ దగ్గర దాచుకున్న నిన్నటి అడ్రసుతో పని కానివ్వండి. అలసిపోయినదాన్ని అందరూ కలిసి మళ్లీ మళ్లీ పిలిస్తే అది పూర్తిగా పడిపోతుంది."

అతను చదివి నవ్వాడు. "లాభాలు నాలుగు, ప్రమాదాలు ఆరా? ఇల్లు అమ్మేవాడు వానొస్తే ఎక్కడ కారుతుందో చూపించి అమ్ముతాడా తల్లీ?"

"కొన్నవాళ్లు తడుస్తారు కదండీ."

"నీతో పెట్టుకుంటే గొడుగులు అమ్ముకోవాలి," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇస్త్రీ చొక్కాతో అతను చాలా బాగా మాట్లాడాడు. "నేను ఆలోచించింది ఏంటంటే" అని మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి, తొమ్మిదో సారి దగ్గర లెక్క మానేశాను. ప్రొజెక్టరుతో గోడ మీద చూపించిన బొమ్మల్లో లాభాలే వచ్చాయి. లిఫ్టులో అడిగాను, ప్రమాదాలు చూపించలేదేమని. "డాక్యుమెంటులో ఉన్నాయిగా, చదువుకుంటారు," అన్నాడు. నేను రాసింది నాకు కంఠతా వచ్చు కాబట్టి మళ్లీ తెరిచి చూడాల్సిన పని పడలేదు. ప్రాజెక్టు మంజూరైంది. అతని కుర్చీ మారింది. అడ్రసుల సర్వీసు నాకిచ్చాడు. "అందరూ అడిగేది కదా, నువ్వయితేనే నమ్మకం," అన్నాడు. ఆ మాటకి వారం రోజులు సంతోషంగా ఉన్నాను.

పోయిన మంగళవారం ఉదయం పదింటికి ఒక పెద్ద ఆసుపత్రివాళ్లు తొమ్మిది వేల అడ్రసులు ఒక్కసారి పంపారు. నా సర్వీసు నెమ్మదించింది. ఆగలేదు, జవాబుకి మూడు సెకన్లు పట్టింది, అంతే. అయితే దాన్ని అడిగే అయిదు సర్వీసులూ అంతసేపు ఆగలేక మళ్లీ అడగడం మొదలుపెట్టాయి. మళ్లీ, మళ్లీ. ఏడు నిమిషాల్లో అది పడిపోయింది. లేపి నిలబెట్టిన ప్రతిసారీ, తల ఎత్తగానే అయిదూ ఒక్కసారి మీద పడేవి. చివరికి ఆ అయిదింటినీ ఒక్కొక్కటిగా ఆపి మళ్లీ నడిపించేసరికి సాయంత్రం నాలుగైంది. ఆ ఆరుగంటలూ గోడౌనులో మందుల పెట్టెలు అడ్రసు చీటీ లేకుండా నిలబడిపోయాయి. గోడౌను చూసుకునే ఆవిణ్ణి అందరం అక్కా అంటాం. పదకొండింటికి ఆవిడ ఫోను చేసింది.

"ఏమ్మా, నీ అడ్రసులు అలిగాయా? ఇక్కడ పెట్టెల్లో ఐసు కరుగుతోంది, బయట నేను కరుగుతున్నాను."

"కాసేపు ఓపిక పట్టక్కా."

"నాకుంది. మందులకి లేదు." ఫోను పెట్టేసి, పాత కాగితాల రిజిస్టరు తీసి చేత్తో చీటీలు రాయడం మొదలుపెట్టిందట.

మర్నాడు బిల్లుల సర్వీసు రాసిన కుర్రాడి దగ్గరికెళ్లాను. "రెండు సెకన్లకి ఆగమన్నాను కదా, మళ్లీ ఎందుకు అడిగించావు?" అన్నాను. ఆ కుర్రాడు నిజంగానే తెల్లబోయి, "ఎక్కడన్నారండీ?" అని డాక్యుమెంటు తెరిచి చూపించాడు. నాలుగో పేజీతో అయిపోయింది. అయిదో పేజీ లేదు.

మా డాక్యుమెంట్లలో ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో నమోదవుతుంది. చూశాను. ప్రెజెంటేషనుకి రెండు రోజుల ముందు, ఆదివారం, ఉదయం తొమ్మిది యాభైరెండు. ఆరు పేజీలు తీసివేత. తీసింది నేనట. నా పేరే ఉంది.

ఒక్క క్షణం నన్ను నేనే అనుమానించుకున్నాను. తర్వాత ఆ ఆదివారం ఏం చేశానా అని ఆలోచించాను. ఆలోచించడానికేముంది, తొమ్మిదిన్నర నుంచి పదింబావు దాకా నా జీవితంలో ఏ ఆదివారం చూసినా ఒకటే పని. అత్తగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషనైన దగ్గర్నుంచి, ఏడాదిగా, ఆ సమయంలో ఆవిడకి స్నానం చేయిస్తున్నాను. ఆయాని పెడదామంటే ఆవిడకి సిగ్గు. కొడుకు చేయకూడదు, అది అందరికీ తెలిసిన సంగతే, ఎందుకో ఎవరూ చెప్పరు. ఆ ఆదివారం అతను తన ల్యాప్‌టాప్ చార్జింగ్ లేదని నాది తీసుకున్నాడు. పాస్‌వర్డ్ అతనికి తెలుసు. పెళ్లైన కొత్తలో "మన మధ్య దాపరికాలేంటి" అంటే చెప్పాను. అతనిది నేనడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

సాయంత్రం అతను సోఫాలో కూర్చుని బూట్లు విప్పుతుంటే అడిగాను.

"ఆ పేజీలు మీరు తీశారా?"

"ఏ పేజీలు?" తలెత్తలేదు. ఒక మేజోడు లాగి, "ఆఁ, అవా. తియ్యకపోతే ఈ ప్రాజెక్టు వచ్చేదా? నీ ఆలోచనని బతికించిందే నేను."

"నా లాగిన్‌తో తీశారు."

"నీ డాక్యుమెంటుని నీ లాగిన్‌తో కాక పక్కింటావిడ లాగిన్‌తో తీస్తారా?"

"మంగళవారం గొడవ మీద రిపోర్టులో బాధ్యులు అన్న చోట నా పేరు రాశారు."

"పడింది నీ సర్వీసే కదా! చూడు, నీ పేరు మీదైతే రెండు చీవాట్లతో పోతుంది. నా మీదికొస్తే మొత్తం పోతుంది. కాస్త ఇంటి గురించి కూడా ఆలోచించు." రెండో మేజోడు కూడా తీసి నా వైపు చూశాడు. దయగా చూశాడు, అది మరిచిపోలేను. "డైరెక్టరు గారితో మాట్లాడేశాను. మా అమ్మ మంచాన పడింది సార్, పాపం తనకి పొద్దస్తమానం ఆవిడ పనే, బుర్ర అక్కడే ఉంటోంది, డాక్యుమెంటు సరిగ్గా చూసుకోలేదు అని చెప్పాను. ఆయన చాలా జాలిపడ్డారు. మూణ్ణెల్లు సెలవిస్తానన్నారు. అమ్మకీ సుఖం. రేపు మీటింగులో సంతకం పెట్టెయ్."

నేను వంటగదిలోకి వెళ్లి సింకు దగ్గర కుళాయి తిప్పి నిలబడ్డాను. ఏడాదిగా నేను ఆ మంచం పక్కన చేస్తున్న పని గురించి అతను ఒక్కసారి ఎవరితోనూ అనలేదు. చుట్టాలొస్తే "అమ్మ ఇప్పుడు బాగానే ఉంది" అనేవాడు, వాతావరణం బాగుంది అన్నట్టు. ఎవరి చేతుల వల్ల బాగుందో చెప్పాలని నేనూ అనుకోలేదు. ఆ పనికి ఒక పేరంటూ లేదు కాబట్టి దాన్ని ఎవరూ ఎత్తరనుకున్నాను. కానీ దాన్ని అతను గమనిస్తూనే ఉన్నాడు. అది ఎంత బరువో, నన్ను ఎంత అలసిపోయేలా చేస్తోందో వివరంగా చెప్పగలిగేంత బాగా గమనించాడు. ఇంటి గుమ్మం దాటి ఆ పని గురించి అతను పలికిన మొదటి మాట, నా తప్పుకి కారణంగా పలికాడు. పేజీలు పోతే మళ్లీ రాసుకుంటాను. అతను నా పేరు వాడుకున్నా, బహుశా, ఏడ్చి ఊరుకునేదాన్ని. వాళ్లమ్మ వీపు మీద నేను పోసిన నీళ్లని తీసుకెళ్లి నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించాడు. కుళాయి కట్టేశాను.

మర్నాడు పొద్దున్న అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టి భుజాల మీద నీళ్లు పోస్తుంటే ఆవిడే మొదలుపెట్టింది. గోడలు పల్చన, నిన్నటి మాటలన్నీ విన్నట్టుంది.

"వాడు చిన్నప్పుడూ ఇంతేనమ్మాయ్. గ్లాసు పగలగొట్టి, ఆ ముక్క తీసుకెళ్లి చెల్లెలి చేతిలో పెట్టేవాడు."

"మీరేం చేసేవారు?"

ఆవిడ వేళ్లతో కళ్ల మీది నీళ్లు తుడుచుకుంది.

"చెల్లెల్నే కొట్టేదాన్ని. వాడైతే ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. అది నోరెత్తదు కదా, అందుకని." తర్వాత, "చాల్లే, ఇంక తుడిచెయ్. నీకు ఆఫీసుకి టైమవుతోంది," అంది. ఏడాదిలో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు.

మీటింగులో డైరెక్టరు గారు, అతను, గోడౌను అక్క, అయిదు సర్వీసులవాళ్లు ఉన్నారు. అక్క ముందే అందుకుంది. "ఆరుగంటలు చేత్తో రాశాను సార్. నా అక్షరాలు చూసి డ్రైవర్లు డాక్టరు చీటీ అనుకుని మందుల షాపుకి పట్టుకెళ్లబోయారు." కొందరు నవ్వారు. డైరెక్టరు గారు రిపోర్టు నా ముందుకి జరిపి, "ఇంట్లో పరిస్థితి విన్నానమ్మా. సంతకం పెట్టి కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో," అన్నారు. ఆ గొంతులో జాలి నిజమైనదే.

నేను లేచి డాక్యుమెంటు గోడ మీద తెరిచాను. తీసేసిన పేజీలని వెనక్కి తెచ్చే బటన్ ఒకటుంటుంది, దాన్ని నొక్కాను. అయిదో పేజీ వచ్చింది. ఆరు, ఏడు, ఎనిమిది, అలా పదో పేజీ దాకా. బిల్లుల కుర్రాడు "రెండు సెకన్లలో జవాబు రాకపోతే" అని పైకే చదివి ఆగిపోయాడు.

"ఇవి నేను రాసినవి," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "తీసింది ఆదివారం తొమ్మిది యాభైరెండుకి, నా లాగిన్‌తో. ఆ టైములో నేను మా అత్తగారికి స్నానం చేయిస్తున్నాను."

"ఇంటి విషయాలు ఇక్కడెందుకు?" అన్నాడతను, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"మీరే తెచ్చారు కదండీ."

డైరెక్టరు గారు అతని వైపు తిరిగారు. అతను నా వైపు చూశాడు. పలక మీద రాసి చూపించే పిల్ల కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. అక్క అంది, "స్నానం చేయించేవాళ్ల చేతులు తడిగా ఉంటాయి సార్. తడిచేతుల్తో కంప్యూటరు ఎవరు ముట్టుకుంటారు?"

నేను కూర్చుని రిపోర్టు దగ్గరికి లాక్కున్నాను. కారణం అన్న చోట ఉన్నది కొట్టేసి, "ప్రమాదాల గురించిన ఆరు పేజీలు తొలగించడం వల్ల" అని రాశాను. బాధ్యులు అన్న చోట నా పేరు కొట్టేసి ఖాళీగా వదిలేశాను. అది నింపడం నా పని కాదు. అట్టడుగున, మళ్లీ జరగకుండా తీసుకున్న చర్య అన్న గడి ఉంది. ఎప్పుడూ అందులో "జాగ్రత్తగా ఉంటాం" అని రాసేవాళ్లం. నేను ఇలా రాసి సంతకం పెట్టాను: "పాస్‌వర్డ్ మార్చాను. నా భర్తకి చెప్పలేదు."