ఇరవై రెండు సెకన్ల తెల్ల తెర

నేను ఒక చవక రకం ఫోన్‌ని. నాతోపాటు అదే రోజు ఫ్యాక్టరీ దాటినవి కొన్ని వేలు. మాలో ఎవరికీ ఏ ప్రత్యేకతా లేదు. విశాఖ చేపల రేవులో ఎండుచేపలు అమ్మే ఎర్రయ్యమ్మ నడుము సంచిలో మూడేళ్ళు తిరిగాను. మనవరాలు ఆమెకు పెద్ద ఫోన్ కొనిచ్చాక పాత ఫోన్ల దుకాణానికి చేరాను. అక్కడ హేమలత నన్ను కొంది, వాడుకోవడానికి కాదు, పరీక్షలకి. కొని సొరుగులో పెట్టి మరిచిపోయింది.

హేమలత సాఫ్ట్‌వేర్ డెవలపర్. డయాలసిస్ రోగులు తమ వంతు బుక్ చేసుకునే ఒక ఆస్పత్రి వెబ్‌సైట్ ఆమె చేతిలో ఉండేది. ఫ్రేమ్‌వర్క్ అంటే సైటు కట్టేవాళ్ళకి తయారుగా దొరికే సరంజామా. కొత్తది వచ్చినప్పుడల్లా ఆ సైటును మళ్ళీ రాసింది, ఇప్పటికి రెండుసార్లు. రెండుసార్లూ ఇదే ఆఖరన్నది.

మూడోసారి మేనేజర్ వంశీధర్ ఆ పని అప్పగిస్తూ, మంచి ఫ్రేమ్‌వర్క్ ఎంచితే కొత్త టీమ్‌కి ఆమే లీడ్ అన్నాడు. నెల రోజులు పరీక్షించి ఒకదాన్ని మెచ్చుకుంది. ఆమె లాప్‌టాప్‌లో పేజీ రెప్పపాటులో తెరుచుకునేది. రిపోర్టులో 'పాత ఫోన్‌లో ఎలా ఉంది' అనే గడి ఒక్కటే మిగిలితే నన్ను బయటికి తీసింది.

నా శాయశక్తులా ప్రయత్నించాను. ఇరవై రెండు సెకన్లు తెల్ల తెర తప్ప ఏమీ చూపించలేకపోయాను. నన్ను ఆపి మళ్ళీ ఆన్ చేసింది, అద్దం తుడిచింది. లోపం నాదేననుకుంది. అయినా అనుమానం తీరక, రోగుల దగ్గర ఎలాంటి ఫోన్లున్నాయో చూద్దామని మర్నాడు నన్ను తీసుకుని ఆస్పత్రికి వెళ్ళింది.

కౌంటరు ముందు వరసలో పైడిరాజు అనే ఆటో డ్రైవర్ ఉన్నాడు. భార్య వంతు రాయించడానికి వారానికోసారి పొద్దున్న బేరాలు మానుకుని వస్తాడట. ఫోన్‌లో చేసుకోవచ్చు కదా అని అడిగింది. అతను ఫోన్ తీసి, ఆమె రెండేళ్ళ కిందట రాసిన సైటునే తెరిచాడు. అచ్చం నాలాంటి ఫోనే. తెర తెల్లగా ఉండిపోయింది.

"సైటు బాగానే ఉంటాదంట మేడం. మా ఫోనే మంచిది కాదు," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

అది రాసింది తనేనని హేమలత చెప్పలేకపోయింది. అతని నంబరు మాత్రం తీసుకుంది.

ఆఫీసుకు వచ్చి రిపోర్టు పక్కన పెట్టేసింది. రోగులకు ఏ సరంజామా లేని సాదా పేజీ చాలని వంశీధర్‌తో చెప్పింది. పాతకాలపు సైటులా ఉంటుందని అతను వాదించాడు. "నాకు రాయడానికి సుఖంగా ఉందని ఎంచుకున్నాను సర్. వాళ్ళ గురించి ఆలోచించలేదు," అంది. ఆ ఫ్రేమ్‌వర్క్ ఆస్పత్రి సిబ్బంది వాడే వేరే సైటుకు వెళ్ళింది. లీడ్ పదవి ఇంకొకరికి వెళ్ళింది. ఆమెకు రోగుల పేజీ మిగిలింది.

మూడు వారాలు అందులోంచి అక్కర్లేనివి ఒక్కొక్కటే తీసేస్తూ, నా మీద తెరిచి చూస్తూ కూర్చుంది. చివరికి మూడు సెకన్లలో చూపించాను. పైడిరాజుకి ఫోన్ చేస్తే ఆటో స్టాండు నుంచే బుక్ చేశాడు. కొత్త ఫోన్ అక్కర్లేదన్నమాట అన్నాడట. ఆ మాట హేమలత పక్క సీటువాళ్ళందరికీ చెప్పింది.

ఈ మధ్య నా బ్యాటరీ ఉబ్బింది. పాత ఎలక్ట్రానిక్ సామాన్ల డబ్బాలో వేశారు; రేపు బండి వస్తుంది. నిన్న హేమలత ఏదో కొత్త ఫ్రేమ్‌వర్క్ గురించి చెబుతుంటే విన్నాను. గొంతులో మునుపటి ఉత్సాహమే. బాగుందా అని ఎవరో అడిగారు.

"నాకైతే బాగుంది," అంది. "బాగుందో లేదో ఇంకా తెలీదు."