బయటైతే సగానికే

నా బావమరిది ఏ వస్తువునీ అట్ట మీద వేసిన ధరకి కొనడు. అలా కొనడం వాడి దృష్టిలో చేతకానితనం. చెప్పులు కొన్నా, చెంచాలు కొన్నా, ఆఖరికి తండ్రికి కళ్ళజోడు కొన్నా ఎంత తగ్గించాడో ఊరంతా చాటి చెప్పాలి. ఆ కళ్ళజోడుతో ఆయనకి ఏమైనా కనిపించిందా అన్నది వేరే సంగతి. మా ఆవిడకి మాత్రం తమ్ముడి మాట వేదవాక్కు. ఇంట్లోకి ఫ్యాన్ కావాలన్నా వాణ్ణే పిలుస్తుంది. వాడొచ్చి, పది షాపులు తిరిగి, అన్నిటికంటే పనికిరాని ఫ్యానుని అన్నిటికంటే తక్కువకి కొనిపెట్టి, భోంచేసి వెళ్తాడు. మేం దాని కింద చెమటలు కక్కుకుంటూ పడుకుంటాం.

నేను డ్రైవింగ్ నేర్పుతాను. పక్క సీట్లో కూర్చుని, నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు పెట్టుకుని, జనం చావకుండా, ఎవర్నీ చంపకుండా చూసుకోవడం నా ఉద్యోగం. ఈ పనిలో మనుషుల మీద గౌరవం మిగలదు. ఎంత చదువుకున్నవాడైనా, ఎంత పెద్ద ఆఫీసరైనా ఎదురుగా లారీ కనిపిస్తే స్టీరింగ్ వదిలేసి కళ్ళు మూసుకుంటాడు. అలాంటివాళ్ళని చూసీ చూసీ నాకు నోటి దురుసు వచ్చిందని మా ఆవిడ అంటుంది. వచ్చింది, కాదనను. కానీ ఆ సీటు తప్ప నాకు ఇంకో బతుకు తెలియదు. గుండె బలహీనపడిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా నేను అడిగింది ఒక్కటే, మళ్ళీ ఆ సీట్లో ఎప్పుడు కూర్చుంటానని.

ఆలస్యం చెయ్యకపోతే తొందర్లోనే కూర్చోవచ్చంది. నా గుండెకి బలమిచ్చే మందొకటి ఉందట. దాన్ని సెలైన్‌లో కలిపి ఒక పగలూ ఒక రాత్రీ సన్నగా ఎక్కించాలట. ఎక్కుతున్నంతసేపూ బీపీ, గుండె కొట్టుకునే తీరు కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి ఆసుపత్రిలో తప్ప ఇవ్వకూడదట. ఈ వారం దాటనివ్వద్దని రెండుసార్లు చెప్పింది. ఖర్చెంతవుతుందని అడిగితే కింద ఇన్సూరెన్స్ డెస్కులో కనుక్కోమంది. రాసే మందు ధర తెలిసిన డాక్టరు నాకు ఇంతవరకూ తగల్లేదు.

కింద గాజు పలక వెనక టై కట్టుకున్న మనిషొకడు కూర్చుని ఉన్నాడు. మేం అడిగిన ప్రతిదానికీ కంప్యూటర్ వైపు చూసి జవాబిచ్చాడు, మేం అందులోనే ఉన్నట్టు. అతను మొదటిసారి చెప్పింది నాకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పింది అతనికే అర్థం కాలేదనుకుంటాను. మూడోసారి నేను గొంతు పెంచాక మామూలు భాష బయటికొచ్చింది. ఈ మందు మేం షాపులో కొనుక్కుంటే పాలసీ పైసా ఇవ్వదు. ఆసుపత్రి తన దగ్గరున్న మందు తీసి, తన నర్సు చేత ఎక్కించి, తన బిల్లులో వేస్తే ఐదింట నాలుగు వంతులు కంపెనీ కడుతుంది, ఒక వంతు మేం కట్టుకోవాలి. అయితే ముందుగా కంపెనీ అనుమతి తెప్పించుకోవాలి. ఇంతే విషయం. దీన్ని చెప్పడానికి ఒక టై, ఒక గాజు పలక, నాలుక తిరగని పదాలు ఇరవై కావలసి వచ్చాయి.

ఏదైతేనేం, అనుమతి వచ్చింది. పొద్దున్నే చేరిపొమ్మన్నారు. సంచీ సర్దుకుని వెళ్ళాం. గుండెకి స్కాన్ తియ్యాలని నన్ను పై అంతస్తుకి తీసుకెళ్ళారు. అక్కడ చల్లటి జెల్లు పూసుకుని పక్కకి తిరిగి పడుకుని ఉండగా, కిందికి మా బావమరిది దిగబడ్డాడు.

వాడు టై మనిషి దగ్గర మందు ధర రాయించుకుని, తెలిసిన హోల్‌సేల్ షాపుకి ఫోన్ చేశాడు. బయటైతే సగానికే వస్తుందన్నారు. సగం అనే మాట చెవిన పడ్డాక వాడికి ఇంకేమీ వినపడదు. మేం కట్టాల్సింది ఐదో వంతేననీ, ఐదో వంతు కంటే సగం ఎక్కువనీ బడికెళ్ళే పిల్లల్ని అడిగినా చెప్తారు. మా బావమరిది టైల్స్ వ్యాపారం చేస్తాడు, రోజంతా లెక్కలే. అయినా వాడికి తట్టలేదు. తగ్గిందా లేదా అన్నదే వాడి లెక్క, ఎవరికి తగ్గిందన్నది కాదు. మందు మేమే తెచ్చుకుంటాం, అనుమతి రద్దు చెయ్యండి అని టై మనిషికి చెప్పాడు. అది తప్పని టై మనిషి చెప్పాలి కదా. చెప్పలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. మా ఆవిడ పెట్టింది.

నేను కిందికి వచ్చేసరికి వాడు చిన్న అట్టపెట్టె పట్టుకుని, మీసం మెలేస్తూ నిలబడి ఉన్నాడు. మా ఆవిడ మొహం వెలిగిపోతోంది. వార్డు నర్సు పెట్టె తీసుకుని, తడిమి చూసి, దీన్ని ఎక్కడ పెట్టి తెచ్చారని అడిగింది. కార్లో, ముందు అరలో, తాళం వేసి భద్రంగా తెచ్చానన్నాడు. కారు ఎంతసేపు ఎండలో ఉందని అడిగింది. దారిలో ఇంకో బేరం ఒకటి తెగేదాకా అన్నాడు. ఆవిడ, ఇది ఫ్రిజ్‌లోనే ఉండాల్సిన మందనీ, ఇలా వెచ్చబడిందాన్ని ఎక్కించేది లేదనీ చెప్పి పెట్టె వాడి చేతిలో పెట్టేసింది. వాడు ఊరుకున్నాడా. ఇది తీసుకుని మీ దగ్గరున్నది ఇవ్వండి, తేడా ఏమైనా ఉంటే సర్దుకుందాం అన్నాడు. ఆవిడ ముప్పయ్యేళ్ళ సర్వీసులో అలాంటి మాట విని ఉండదు.

అనుమతి మళ్ళీ కావాలంటే, ఎందుకు వద్దనుకున్నామో, మళ్ళీ ఎందుకు కావాలనుకున్నామో కంపెనీకి సంజాయిషీ ఇచ్చుకోవాలట. మధ్యలో సెలవులు. ఇంటికెళ్ళి కబురొచ్చేదాకా ఆగమన్నారు. అనుమతి లేకుండా చేరితే మొత్తం మాదే. ఆ మొత్తం నా కారు అమ్మినా రాదు.

ఆగాం. నేను పడుకోలేక కుర్చీలోనే కునికిపాట్లు పడేవాణ్ణి. బూట్లు పట్టనంతగా పాదాలు వాచాయి. చివరికి తిట్టడానికి కూడా ఊపిరి చాలని స్థితికి వచ్చాను. నా జబ్బు ఎంత ముదిరిందో మా ఆవిడకి అప్పుడు తెలిసింది. నేను తిట్టకపోతే ఆవిడకి భయం.

ఆ మధ్యాహ్నం బావమరిది మళ్ళీ వచ్చాడు. చేతిలో అదే పెట్టె. తనకి తెలిసిన కాంపౌండరు ఉన్నాడనీ, ఇంటికొచ్చి ఎక్కిస్తాడనీ, ఆసుపత్రివాళ్ళు వాళ్ళ సరుకు అమ్ముకోడానికే ఇలా బెదిరిస్తారనీ చెప్పుకుపోయాడు. మందుకేం కాలేదు, ఆ రోజు నుంచీ తన ఇంట్లో ఫ్రిజ్‌లోనే పెట్టాడట. నేను మా ఆవిడ వైపు చూశాను. తమ్ముడు చెప్పాక ఆవిడ కాదన్న రోజు నాకు గుర్తు లేదు. వద్దనడానికి నాకు గొంతు లేదు. కుర్చీ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాను.

"చొక్కా చెయ్యి పైకి మడతపెట్టు," అంది మా ఆవిడ.

"నాదా? ఎందుకక్కా?"

"మందుకేం కాలేదన్నావుగా. ముందు నీకు కాస్త ఎక్కించమందాం. నీకేం కాకపోతే మీ బావకి ఎక్కిద్దాం."

వాడి చొక్కా చేతులు అప్పటికే మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. రెండూ కిందికి దించుకుని, బొత్తాలు పెట్టుకున్నాడు. మా ఆవిడ తమ్ముణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత కారు తియ్యమంది.

ఆ ప్రయాణం నాకు జబ్బు కంటే ఎక్కువ భయం. వాడికి డ్రైవింగ్ నేర్పింది నేనే, సగం ఫీజుకి. సగమే నేర్చుకున్నాడు. పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకు తొక్కుతూ ఆసుపత్రికి చేరాను.

అక్కడ నన్ను చక్రాల మంచం మీదికి ఎక్కించి, మూతికి మాస్కు తగిలించి, పరుగున తీసుకెళ్ళారు. మందు గంటలోపు మొదలైంది. మరి అనుమతి? అక్కర్లేదట. ప్రాణం మీదికొచ్చి చేరినవాడికి ముందు అనుమతి ఉండదు, చేరాక తెలియజేస్తే చాలు, వాళ్ళ నాలుగు వంతులూ కడతారు. టై మనిషి స్వయంగా వార్డుకొచ్చి ఈ శుభవార్త చెప్పాడు. ఊపిరి ఆడుతున్నంతకాలం నాకు కాగితం కావలసి వచ్చింది. ఆడటం మానేశాక అవసరం లేకపోయింది. ఈ నియమం రాసినవాణ్ణి ఒక్కసారి నా కారు ఎక్కించుకోవాలని ఉంది, బ్రేకు మీద కాలు పెట్టకుండా.

బావమరిది ఈ ముక్క పట్టుకున్నాడు. వరండాలో ఫోన్ చెవిన పెట్టుకుని చుట్టాలందరికీ చెప్తున్నాడు. ఎన్ని రోజులకీ రాని అనుమతితో పనే లేకుండా తను చిటికెలో చేశాడట. మంచం మీదున్న నాకూ, పక్కనున్న మా ఆవిడకీ ప్రతి మాటా వినిపిస్తోంది.

మర్నాడు సెలైన్ తీసేశాక డాక్టరమ్మ వచ్చింది. కాళ్ళ వాపు తగ్గిందంది, ఆయాసం తగ్గిందంది. నా సీటు సంగతి అడిగాను. ఆవిడ స్కాన్ కాగితం తిప్పుతూ, మొదట అనుకున్న రోజునే ఎక్కించి ఉంటే వేరే మాట అంది. ఈ నాలుగు రోజుల్లో గుండె ఇంకో మెట్టు దిగిపోయిందట. ఏ క్షణాన కళ్ళు తిరుగుతాయో చెప్పలేమట. ఇంట్లో తిరగొచ్చు, నెమ్మదిగా నడవొచ్చు. "బండిలో ఇంకొకళ్ళ ప్రాణానికి మీరు కాపలా ఉండే పని మాత్రం ఇక వద్దు. దానికి నేను సర్టిఫికెట్ ఇవ్వలేను," అంది.

ఆవిడ అటు వెళ్ళగానే బావమరిది మంచం దగ్గరికి జరిగాడు.

"కారు గురించి నువ్వేం బెంగపెట్టుకోకు బావా. నాకు తెలిసిన డీలరున్నాడు. బయట ఎవడూ ఇవ్వని రేటు ఇప్పిస్తాను."

మా ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. వాణ్ణి తిట్టడానికి పెళ్ళైన నాటి నుంచీ కూడబెట్టుకున్న తిట్లు నా దగ్గరున్నాయి. ఇప్పుడు ఊపిరి కూడా ఉంది. మాస్కు తీశాను. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

కింద డెస్కులో మా ఐదో వంతు బిల్లు సిద్ధంగా ఉంది. ఆ కారు అమ్మితే తప్ప అది కట్టే దారి నాకు లేదు.

"ఎంతిస్తాడట?" అని అడిగాను.