పొట్టేలు పెట్టి కొన్న బండి

కోదాడలో శివాజీ ఇంటి వెనక, కోళ్ల గూటికి ఆనించి ఒక పాత బండి పడి ఉండేది. సీటు మీద కోళ్లు పడుకునేవి, హ్యాండిల్ మీద అతని పెళ్లాం మంజుల తడి గుడ్డలు ఆరేసేది. ఒకప్పుడు శివాజీ దాని మీదే బజార్లన్నీ చక్కర్లు కొట్టిన మాట నిజమే. ఇంజను పట్టేశాక మళ్లీ దాని మొహం చూడలేదు. అయినా ఎవరడిగినా, "గాలిల తేలిపోయేది బయ్, ఏమనుకున్నవ్" అని మొదలుపెట్టేవాడు. చచ్చినోడి కళ్లు చారెడు.

ఆ బండి మీద లక్ష్మణ్ కన్ను పడింది. లక్ష్మణ్ మంజులకు ఒక్కగానొక్క తమ్ముడు. చిలుకూరు దగ్గరి పల్లెలో తాతల నాటి నుంచీ గొర్రెలు కాసిన ఇల్లు. మేపుకునే బీళ్లన్నీ ప్లాట్లయ్యాక మందను కొంచెం కొంచెంగా అమ్ముకుని, మేళ్లచెరువులో సిమెంటు బస్తాలు లారీలకెత్తే పనికి కుదిరాడు. పొద్దుటి షిఫ్టుకు బస్సు అందదు. ఎవరినో బతిమాలి వాళ్ల బండెక్కడం, వాళ్లు నాగా పెడితే తనూ నాగా పెట్టడం. చూసి చూసి కాంట్రాక్టరు మొహం మీదే చెప్పాడు, సొంత బండి ఉంటే రా, లేకుంటే మానుకో అని. బండి లేకపోతే పని లేదు, పని లేకపోతే పొయ్యి లేదు.

"కొనేటంత నా తాన లేదు బావా. నా పొట్టేలు తీస్కొని గీ బండి నాకియ్యి," అన్నాడు శివాజీతో.

అది ఆషామాషీ పొట్టేలు కాదు. మిగిలిన నాలుగు గొర్రెలకు అదే విత్తనపు పొట్టేలు. దాని నడక చూసి సంతలో బేరగాళ్లు వెంటపడేవాళ్లు. శివాజీకి నోట్లో నీళ్లూరాయి.

"తీస్కపో బామ్మర్ది. సచ్చిన బండి, బతికిచ్చుకుంటే నీదే. కాయితాలదేముంది, మనలో మనకు కాయితాలా?"

పక్కనే కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మంజుల నవ్వింది. "పొట్టేలును పాప ఫంక్షన్ నాడు తోలుకరా తమ్మీ. బయట కొనే బాధ తప్పుతది."

అక్కడే లక్ష్మణ్ పప్పులో కాలేశాడు. నలుగురు చూస్తుండగా సంతలో తాడు చేతికిచ్చి ఉంటే అది ధర అయ్యేది. మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కు పుట్టింటి సారెతో కలిపి తోలుకుపోయాడు. మేనమామ తెచ్చే పొట్టేలు బోడి మెడతో పోతే ఏం బాగుంటుందని అతని భార్య గోపిక బంతిపూల దండ గుచ్చింది, కొమ్ములకు పసుపు రాసింది. ఎదురొచ్చి డప్పులు కొట్టారు, పొట్టేలుకు బొట్టు పెట్టారు. "మేనమామంటే గిట్లుండాలె" అని చుట్టాలంతా భుజం తట్టారు. లక్ష్మణ్ కాదనలేదు. అంతమందిలో, ఇది నా బండి ధర అని ఎవడు చెప్పుకుంటాడు? పైగా ఆ పొగడ్త తియ్యగానే ఉంది. శివాజీ మీసం దువ్వుకుంటూ బంతి బంతికీ తిరిగి ఆ పొట్టేలు కూర కొసరి కొసరి వడ్డించాడు. తమ్ముడి విస్తట్లో మాత్రం మంజులే వడ్డించింది.

ఆ వారంలోనే లక్ష్మణ్ బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని సూర్యాపేట పోయాడు. అక్కడ సాంసన్ అనే మెకానిక్ ఇప్పటికీ పాత టూ స్ట్రోక్ బండ్లు ముట్టుకుంటాడు.

"నువ్వు తెచ్చింది బండి కాదన్నా, కోళ్లగూడు," అని సాంసన్ పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే విప్పాడు. పిస్టన్ సిలిండర్‌కు అతుక్కుపోయింది. డీజిల్ పోసి నానబెట్టి, కర్రముక్క ఆనించి మెల్లగా కొట్టి ఊడదీశారు. సిలిండర్‌కు బోరు కొట్టించారు. దానికి సరిపోయే పిస్టన్ కోసం సూర్యాపేటంతా జల్లెడ పట్టినా దొరకలేదు. చివరికి మిర్యాలగూడలో ఒక పాత సామాన్ల కొట్టులో, అటక మీది డబ్బాలో దొరికింది. సెలవు చిక్కినప్పుడల్లా లక్ష్మణ్ సాంసన్ పక్కన చేరేవాడు. సైలెన్సర్‌లో పేరుకున్న మసి కాల్చాడు. ట్యాంకులో గులకరాళ్లు పోసి, తుప్పు రాలేదాకా ఊపీ ఊపీ రెక్కలు పడిపోయాయి. ఈనలేక అవస్థపడే గొర్రె దగ్గర కూచున్నట్టే కూచునేవాడు, దానితో మాట్లాడుతూ.

ఒక సాయంత్రం కిక్కు కొడితే ఠప్పుమంది. మళ్లీ కొడితే గుప్పున పొగ కక్కి అందుకుంది. లక్ష్మణ్‌కు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

ఇక పొద్దుటి షిఫ్టుకు అందరికన్నా ముందు అతనే. కాంట్రాక్టరు కూడా పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. ఆ సంబరంలో ఒకనాడు అక్కకు చూపిద్దామని కోదాడ పోయాడు. శివాజీ బండి చుట్టూ తిరిగాడు. "జర బజారు దాకా పోయొస్తా" అని తాళంచెవి తీసుకున్నాడు. తిరిగొచ్చేసరికి మనిషి మారిపోయాడు. ఇలాంటి పాత బండ్లంటే ఇప్పుడు కుర్రాళ్లకు మోజు. బజార్లో ఎవడో ఆపి, కొత్త బండికిచ్చేంత ఇస్తానన్నాడట.

"నాలుగు దినాలు నడిపినవ్ గద బామ్మర్ది, ఇగ బండి ఇక్కడుంచిపో," అన్నాడు.

లక్ష్మణ్ వేళాకోళమనుకున్నాడు. కాదని తెలిశాక బావ చేతిలోంచి తాళంచెవి లాక్కుని గొంతు చించుకున్నాడు. గోల విని ఇరుగుపొరుగు చేరారు, కులపెద్ద మల్సూర్‌ను పిలిచారు. అరుగు మీద కూచున్నవాళ్లంతా ఫంక్షన్‌లో తిన్నవాళ్లే.

"కాయితాలు ఎవరి పేరు మీదున్నయ్?" అడిగాడు మల్సూర్.

"బావ పేరు మీదనే. కానీ పొట్టేలు ఇచ్చి కొన్న పెద్దయ్యా."

"ఏ పొట్టేలు? దండేసి డప్పులతోటి తెస్తివి, అదేనా? మేనమామ తెచ్చిండని మేమందరం తింటిమి గదరా!"

అరుగంతా నవ్వింది. తిన్న నోళ్లు మరి, తిన్నదాని వైపే మాట్లాడతాయి.

"అక్కనడుగుండ్రి," అన్నాడు లక్ష్మణ్. ఆ మాట అన్నాక గుండె కుదుటపడింది. బావ పరాయివాడు, ఏమైనా అంటాడు. అక్క అట్లా కాదు. అమ్మ గొర్రెల వెంట పోతే చంకనేసుకుని తిప్పింది అక్కే. బేరం జరిగింది కూడా ఆమె ముందే.

మంజుల గడప దగ్గరికొచ్చి నిలబడింది. మొగుడి వైపు ఒకసారి చూసింది. తమ్ముడి వైపు చూడలేదు.

"మా తమ్ముడు పాపకోసమని పొట్టేలు తెచ్చిండు," అంది. "బండి సంగతి నాకు ఎరుక లేదు."

బావ చేసింది దొంగతనం. దొంగను తిట్టొచ్చు, కాలర్ పట్టుకోవచ్చు. అక్కనేం చెయ్యాలి? రేప్పొద్దున షిఫ్టు పోతుందన్న సంగతి కూడా ఆ క్షణాన తోచలేదు. అక్క అంత మెత్తటి గొంతుతో, వణకకుండా అబద్ధమాడిందే, అదొక్కటే మెదిలింది. తాళంచెవి అరుగు మీద పడేశాడు.

శివాజీ వెంటనే బండెక్కి కిక్కు కొట్టాడు. అందుకోలేదు. చోక్ లాగి మళ్లీ మళ్లీ కొట్టాడు. పెట్రోలు వాసన గుప్పుమంది, చెమటలు పట్టాయి. "జర నువ్వొకపాలి కొట్టరాదు బామ్మర్ది," అన్నాడు, సిగ్గన్నది లేకుండా.

పోయేవాడే లక్ష్మణ్. కాళ్లు గేటు దాకా పోయాయి కూడా. వెనక ఆ బండిని అట్లా హింసపెడుతుంటే వినలేకపోయాడు. వెనక్కొచ్చాడు, బావను చేత్తో పక్కకు జరిపి పెట్రోలు కట్టేశాడు, రేజ్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కు కొట్టాడు. బండి అందుకుంది. మళ్లీ పెట్రోలు తిప్పి, హ్యాండిల్ శివాజీకే అప్పజెప్పాడు.

మంజుల గేటు దాకా వెంట వచ్చింది. "కోపం జేస్తున్నవా తమ్మీ? నా సంసారం నేను సూస్కోవాలె గద. ఇంత అన్నం తిని పోరాదు."

"తిన్న గద అక్కా," అన్నాడు లక్ష్మణ్. "పాప ఫంక్షన్ నాడే తిన్న. నా బండినే కోసి, వండి, నీ చేతులతో నాకే వడ్డిస్తివి."

మంజుల ఇంకేదో అనబోయింది. అతను అప్పటికే రోడ్డెక్కాడు.