పచ్చ దారం ముడి

పక్క మిషన్ ఇష్రత్‌ను కుట్టుకు పనికిరాదన్నది ఎవరు? షావుకారు త్రికోటేశ్వరరావు. గుడ్డ కలిసొస్తుందని బొంత అంచు పట్టీని ఏటవాలుగా కాక నిలువునా కోసిచ్చింది ఎవరు? ఆయనే. కొత్త గుడ్డను తడిపి ఆరేసే తీరిక లేదు, పొద్దుగూకేలోపు పని తెగాలన్నదీ ఆయనే. అన్నీ తెలిసి నోరు మూసుకున్నది మాత్రం గుల్షన్.

ఆ నోట్లోనే ఇప్పుడు రెండు గుండుసూదులున్నాయి. మాచర్ల స్టేషన్ వెనక రేకుల షెడ్డులో, తొడల మీద బరువైన బొంత పరుచుకుని, ఆమె మిషన్ తొక్కుతోంది. యాభై దాటాయి. పాదాలు సాయంత్రానికి వాచిపోతాయి. కుడి చూపుడువేలి కొస కాయకాచి, సూది గుచ్చుకున్నా తెలియనంత మొద్దుబారింది.

పాత చీరల పొరలు పరిచి, నడుమంతా ఎంత అందంగా కుట్టినా, అంచు చెడితే బొంత చెడ్డట్టే. నిలువుగా కోసిన పట్టీ వంగనంటుంది. చేత్తో లాగి పట్టుకుంటే సూది కింద బుద్ధిగా, చదునుగా పోతుంది. అదే మోసం. ఒక్క ఉతుకు పడగానే పట్టీ ముడుచుకుని బొంత నాలుగు పక్కలా దొప్పలా లేస్తుంది. మూల దగ్గరైతే అర వేలెడు ఉండగానే సూది ఆపాలి. మిషన్ పాదం ఎత్తి, పట్టీని పైకి మడిచి, మళ్లీ కిందికి దించాలి. చివరిదాకా కుట్టేస్తే మూల కుక్కచెవిలా వేలాడుతుంది.

ఇదంతా నేర్పింది ఇష్రతే. "లాగమాకే. అది వస్తది. నువ్వు దారియ్యి," అనేది, పక్క మిషన్ మీంచి తలెత్తకుండానే.

షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. బొంత ముగించినవాళ్లు ఆఖరి మూల లోపల తమ రంగు దారంతో చిన్న ముడి వేస్తారు. గుల్షన్‌ది పసుపు, దయామణిది నీలం, ఇష్రత్‌ది పచ్చ. రీళ్లు గోడమేకులకు వేలాడుతుంటాయి.

పోయిన చలికాలం విజయపురి సౌత్‌లో ఒక లాడ్జికి ఇరవై బొంతలు పోవాల్సి వచ్చింది. షావుకారు నెత్తిన కూర్చున్నాడు. ఆఖరి ఆరింటి దగ్గరికొచ్చేసరికి గుల్షన్ పట్టీలు లాగి లాగి కుట్టింది. అప్పటికే పసుపు దారం అయిపోయింది. చేతికందిన పచ్చ రీలు తీసుకుని ముడులేసింది. దానిదేముందనుకుంది.

ఆ ఆరే తిరిగొచ్చాయి, దొప్పల్లా లేచి. షావుకారు మూల విప్పి పచ్చ ముడి చూశాడు. కళ్లు కనపడనోళ్లకు మిషన్ ఎందుకని అందరి ముందూ ఇష్రత్‌ను అడిగాడు. ఆమె అంచు పొడుగునా బొటనవేలు నడిపించింది. అది తన కుట్టు కాదని ఆ వేలికి తెలుసు. ఒక్కసారి గుల్షన్ వైపు చూసి, కళ్లజోడు డబ్బా తీసుకుని వెళ్లిపోయింది, మళ్లీ పనికి రాలేదు. గుల్షన్ తల వంచుకుని మూల మడుస్తూ కూర్చుంది.

పది నెలలు. ప్రతి శుక్రవారం వెళ్లి చెబుదామనుకోవడం, ఏదో ఒక పని అడ్డం పెట్టుకోవడం. ఇవాళ మాత్రం అన్నాల వేళ కచ్చితంగా పోవాలని ఇంట్లోంచే అనుకుని వచ్చింది. తీరా అన్నాల వేళకు ఈ ఒక్క బొంతా అయిపోనీ అనుకుంది. అయ్యాక ఇంకోటి అందుకుంది.

సాయంత్రం మసీదులో అసర్ అజాన్ అయ్యాక దయామణికి ఫోనొచ్చింది. మాట్లాడి, మిషన్ ఆపి, దగ్గరికొచ్చింది.

"గుల్షనక్కా, ఇష్రత్ ఆపా లేదంట. అన్నం తిని పడుకుంది, లేవలేదంట."

"ఎప్పుడు?"

"రెండింటప్పుడు. పొద్దుగూకినాక, మగ్రిబ్ నమాజయ్యాక మట్టి చేస్తారంట."

రెండింటికి తను మూల మడుస్తోంది. షావుకారు ఆపాను అన్ననాడూ మూలే.

నోట్లో సూదులు తీసి చెక్క మీద పెట్టింది. లేచి, బట్టల తాన్ల మధ్య ఉన్న షావుకారు ముందు నిలబడింది.

"లాడ్జి నుంచి తిరిగొచ్చినయ్యే, ఆ ఆరు బొంతలూ నావి. ఇష్రత్ ఆపావి కావు. దారం అయిపోయి ఆమెది వాడా. చెప్పకుండా కూసున్నా."

"ఇప్పుడెందుకమ్మా అదంతా? మడిసే పోయె."

"మడిసి పోయింది గాని మాట పోలా. మగ్రిబ్ తర్వాత జనాజా లేస్తది. ఆలోపు మీరు వాళ్లింటికి రావాల. తప్పు మీ అమ్మది కాదని ఆమె కూతురికి చెప్పాల. నా తప్పు నేను చెప్తా, మీది మీరు చెప్పండి. రేపటినుంచి గుడ్డ తడపాల, పట్టీ ఏటవాలుగా కొయ్యాల. అప్పటిదాకా నేను మిషన్ తొక్కను."

"నేనూ తొక్కను," అంది దయామణి, అప్పటికే చెప్పులు వేసుకుంటూ.

షావుకారు చేతిలో గుడ్డ తాను అలాగే ఉంది. ఆడవాళ్లిద్దరూ గుమ్మం దాటారు. గుల్షన్ మిషన్ కింద నాలుగో మూల మడవని బొంత ఆగిపోయి ఉంది. గోడమేకుకు పది నెలల దుమ్ముతో పచ్చ దారం రీలు, ఆరు ముడులకు సరిపడా తరిగి.